వంటింటిలో కొత్త పంటలు

పంచాయతీ సభ్యులకు వంటింటితో పని యేమని కొందరు అడుగవచ్చును. రోడ్లు, మంచినీరు, వీధిదీపములు, పన్నుల వసూలు, ఇవియే తలకు మించిన భారముగా ఉన్నవి గదా యని వారి ఉద్దేశము. కాని 1992లో పార్లమెంటు ఆమోదించిన 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలును తెరచి చూచినచో, పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములలో వ్యవసాయము, ఆరోగ్యము, స్త్రీ శిశు సంక్షేమము, ప్రజా పంపిణీ వ్యవస్థ కనబడును. ఈ నాలుగును వచ్చి కలిసికొను చోటు పొయ్యి దగ్గరనే. మా గ్రామమున ఈ సంగతి మాకు పుస్తకము వలన గాక, పశువుల కుడితి తొట్టి వలన తెలిసినది.

మాది కర్నూలు జిల్లా పడమటి భాగమున వర్షాధారపు గ్రామము. రెండేండ్ల క్రిందట ఒక రైతు తన పొలమున పండిన కొర్రలు ఒక బస్తా బడిపిల్లల కొరకు పంచాయతీకి ఇచ్చెను. సభ్యులందరును సంతోషించి, ఒక మధ్యాహ్నము పాఠశాలలో కొర్రన్నము వండించిరి. వంటమనుషులు నిత్యము బియ్యము వండినట్లే ఎసరు నిండుగా పెట్టి, కొర్రలు పోసి, గరిటెతో కలియబెట్టిరి. అన్నము బంకయైనది. వార్చుటకు గంజి లేదు, విడదీయుటకు మెతుకు లేదు. పిల్లలు ఒక ముద్ద నోట పెట్టుకొని ఒకరి ముఖము ఒకరు చూచుకొనిరి. ఇద్దరు ధైర్యవంతులు మాత్రము సాంబారు పోసికొని తాగినట్లుగా తినిరి. తక్కిన గుండెడు అన్నమును ఊరి గేదెల కుడితి తొట్టిలో పోయవలసి వచ్చెను.

తరువాతి సమావేశమున ఒక సభ్యుడు ఈ కాలపు పిల్లలకు నాలుక చెడినదనెను. మరియొకరు విడిచిన తిండిని మరల తెచ్చుట వెర్రితనమనిరి. అప్పుడు మూలన నిలుచున్న వంటమనిషి ఒకతె, "కొర్రలు ఎట్ల వండాల్నో మాకెవరు చెప్పినారు? మా జేజి వండేదంట. నాకు తెలివి వచ్చినకాడ నుంచి కోటా బియ్యమే వండినా" అని యనెను. సభలో ఎవరును మారు పలుకలేదు. ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యపు పథకము 1983లో ప్రారంభమైనది. ఆకలి తీర్చుటలో దాని మేలు ఎవరును కాదనలేరు. అయితే ఆ తరువాత పుట్టిన ఆడపిల్లలకు బియ్యము తప్ప వేరు ధాన్యమును వండు నేర్పు తల్లుల నుండి అందలేదు. నేర్పు ఒక తరము తెగినచో, సొంత ఊరి పంట కూడ పరాయిదేశపు పంట వంటిదే యగును.

సర్పంచి మా వైపు తిరిగి, "టీచరమ్మా, ముందు మీ ఇంట్లో వండి చూడండి. మీకు కుదిరితే బడికి కుదురుతుంది" అనెను. మేము ముప్పదియేండ్లు పాఠములు చెప్పి విశ్రమించినవారము. వంట మాకు వచ్చునను గర్వము కూడ కొంత కలదు. ఒప్పుకొంటిమి. ఆ వానకాలము మొదలు సంక్రాంతి వరకు మా పొయ్యి మీద జరిగిన ప్రయోగములను, వానిలో పొరపాట్లతో సహా, సభ్యుల తెలివిడి కొరకు ఇచ్చట వ్రాయుచున్నాము.

ముందుగా ఒక మాట. కొత్త వస్తువన్నచో మన యిండ్లలో వెంటనే పుట్టు ప్రశ్న "ఇది మన తిండియేనా?" అనునది. మా వారు ప్రతిదినము ఈ ప్రశ్న వేసిరి గనుక మేము దీనిని కొంత విచారించితిమి. మిరపకాయ అమెరికా ఖండపు మొక్క. పోర్చుగీసువారి ఓడల వెంట 16వ శతాబ్దమున మన తీరమునకు చేరినది. అంతకు పూర్వము మన కూరలకు కారము మిరియములే. వేరుసెనగ, బంగాళాదుంప, జామ, బొప్పాయి, జీడిమామిడి, ఇవన్నియు ఆ ఖండమునుండి వచ్చినవే. టమాటాను మన పెద్దలు తొలుత అనుమానముతో చూచి, తరువాత రామములగ యని ముద్దుపేరు పెట్టి పప్పులో వేసికొనిరి. అంతకంటె విచిత్రమేమనగా, మనము అచ్చముగా మనవనుకొను రాగి, జొన్న, సజ్జ వేల యేండ్ల క్రిందట ఆఫ్రికా నుండి వచ్చిన ధాన్యములు. కొర్రలను మొదట సాగుచేసినది చీనా దేశమున. ఈ మాట మేము భోజనము వేళ చెప్పగా మా వారు చేతిలోని జొన్నరొట్టెను ఒకసారి త్రిప్పి చూచి, మరల తినసాగిరి. ఆ నాటినుండి ఆ ప్రశ్న మా యింట వినబడలేదు.

ఇక కొర్రల సంగతి. మొదటిసారి మేమును వంటమనుషుల వలెనే బంక వండితిమి. రెండవసారి నీరు తగ్గించితిమి. పైభాగము పలుకు, అడుగు మాడు. మూడవసారి కుక్కరులో పెట్టగా నాలుగు కూతలకు గోడకు పూయు సున్నము వంటి పదార్థము వచ్చెను. ఎనుబదియేండ్లు దాటిన మా అత్తగారు వంటింటి గుమ్మమున కూర్చుండి ఈ మూడు దినములును మౌనముగా చూచుచుండిరి. నాలుగవ దినమున మేము సిగ్గు విడిచి, "అత్తా, మీ కాలంలో ఎట్ల వండేవారు?" అని అడిగితిమి. "మూడు దినాలుగా చూస్తానే ఉండా. నన్నెవురడిగినారు?" అని ఆమె లేచి చీరకొంగు దోపుకొనిరి.

ఆమె చెప్పిన విధము ఇది. కొర్రలను మొదట గాలింపవలెను. గింజ చిన్నది గనుక ఇసుకరాయి దానిలో కలిసిపోవును. కంటితో ఏరుట సాధ్యము కాదు. వెడల్పు పళ్ళెమున నీరు పోసి, కదిలించుచు పైకి తేలిన గింజను మరియొక పాత్రలోనికి వంచుచు పోయినచో రాళ్ళు అడుగున నిలుచును. తరువాత ఒక గంటసేపు నానవేయవలెను. సోలెడు కొర్రలకు రెండున్నర సోలల నీరు చాలును. ఆ నీరు తెర్లిన పిమ్మట గింజలు పోసి, ఒకసారి మాత్రమే కలిపి, మూతవేసి సెగ తగ్గింపవలెను. నీరు ఇంకగానే దింపి, పది నిమిషములు మూత తీయరాదు. వేడి మీద గరిటె పెట్టి కెలుకుటయే మేము చేసిన ప్రధానమైన తప్పు. ఆరిన పిమ్మట చేతితో విడదీసినచో ఇసుక వలె పొడిపొడిగా రాలును. చల్లారి నిలువయైనచో గట్టిపడును గనుక వేడిగనే వడ్డింపవలెను, లేదా మజ్జిగ కలుపవలెను.

ఆ దినపు భోజనమున మా వారు రెండవసారి వడ్డన అడిగిరి. మేము అత్తగారి వైపు చూచితిమి. ఆమె చూడనట్లు నటించిరి.

అయితే ఆమె మరియొక మాట కూడ చెప్పిరి. దానిని సభ్యులు శ్రద్ధగా వినవలెను. "కొర్రలు ఊరికే మానుకోలేదు. ఒక పూట కూటికి రోట్లో ఎంతసేపు దంచాల్నో నీకు తెల్దు. చేతులు బొబ్బలెక్కేవి. కోటా బియ్యం వచ్చిన దినం నేను రోకలి మూల పెట్టినా, మళ్ళ ముట్టలే." కొర్ర, సామ, ఊద, అరికె మొదలగు చిరుధాన్యములకు గట్టిపొట్టు ఉన్నది, రాగి, జొన్న, సజ్జలకు ఆ చిక్కు లేదు. పొట్టు తీయు కష్టమంతయు స్త్రీల భుజముల మీదనే పడినది. పూర్వపు తిండి మంచిది, దానిని ఆడవారు విడిచిరి యని సభలలో నిందించు పెద్దలు ఈ రోకటి లెక్కను కూడ చూడవలెను. ఇప్పుడు పొట్టు తీయు చిన్న యంత్రములు వచ్చినవి. నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానము నుండి సూర్యనంది వంటి మేలైన కొర్ర రకములు వెలువడినవి. విత్తనము దొరికినను యంత్రము దగ్గర లేనిచో ఆ పంట బస్తాలలో ఊరు దాటి పోవును గాని ఊరి పొయ్యి మీదికి రాదు. యంత్రము పట్టించునపుడు కూడ మిక్కిలి తెల్లగా వచ్చువరకు పట్టింపరాదు. పై పొరలోని పీచు, ఖనిజములు తవుడుతో పోవును.

రాగులతో మా ప్రయోగము వేరు విధముగా జరిగినది. సంకటి మా ప్రాంతమున అందరికిని తెలిసినదే. మేము చేయ దలచినది మొలకరాగుల పిండి. దీనికి కారణము అంగన్‌వాడీకి వచ్చు పసిపిల్లలు. ఏడాది పిల్లకు పొట్ట చిన్నది. జావ చిక్కగా కాచినచో మింగలేదు. పలుచగా కాచినచో పొట్ట నీటితో నిండునే గాని బలము చాలదు. తల్లులందరును పడు చిక్కు ఇది. రాగులను ఒక రాత్రి నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి, ఒకటి రెండు దినములు మొలకెత్తించి, నీడన ఆరబెట్టి, మొలకలు నలిపి చెరిగివేసి, దోరగా వేయించి విసరించినచో, ఆ పిండిలో పిండిపదార్థమును కరగించు గుణము పుట్టును. ఆ పిండితో కాచిన జావ, మామూలు పిండితో కాచిన దానికంటె ఎక్కువ పిండి పట్టియు పలుచగా నుండును. అదే గ్లాసులో పిల్లకు ఎక్కువ ఆహారము పోవును. మొలకెత్తుట వలన ఇనుము, సున్నము మొదలగువాని నంటనీయక అడ్డుపడు పదార్థము కూడ కొంత తగ్గును. మా అత్తగారి అంబలి పులియబెట్టుటలో ఉన్న సూక్ష్మమును ఇదియే.

మేము మొదటి విడత మొలకలను మూడు దినములు ఉంచితిమి. శ్రావణమాసపు ముసురు. మూట విప్పగా బూజు వాసన కొట్టినది. అత్తగారు, "ఎరువు కుప్పకు పెట్టు, పిల్లలకు గాదు" అనిరి. బూజు పట్టిన దానిని కడిగి ఎండబెట్టి వాడుకొందమను ఆశ మాకు ఒక క్షణము కలిగిన మాట నిజము. అట్లు చేయరాదు. బూజులో పుట్టు విషములు కొన్ని ఎండకు గాని వంట సెగకు గాని చావవు. ముసురు దినములలో మొలకల పని పెట్టుకొనక, ఎండ కాయు వారమున చేసికొనుట మేలు.

రాగుల గొప్పతనము సున్నము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన పట్టికల ప్రకారము నూరు గ్రాముల రాగులలో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. తెల్లబియ్యములో పది మిల్లీగ్రాములు కూడ లేదు. ఇనుము రాగులలో నాలుగున్నర మిల్లీగ్రాములకు పైగాను, సజ్జలలో ఆరుకు పైగాను ఉండగా, తెల్లబియ్యములో ఒకటికి లోపే. ఈ అంకెలు ఎందుకు చెప్పుచున్నామనగా, 2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు 59 మందికి, తెలంగాణములో దాదాపు 58 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. మన సభలో కూర్చున్న స్త్రీ సభ్యులలో కూడ సగముకు పైగా ఈ లెక్కలోనివారే కావచ్చును. ధాన్యములోని ఇనుము అంత సులభముగా ఒంటబట్టదు. భోజనముతో నిమ్మరసము, ఉసిరి, జామ వంటి పులుపు ఉన్నచో మేలుగా అంటును. భోజనముతోనే తేనీరు త్రాగినచో అంటదు. మా యింట భోజనానంతరపు తేనీటిని గంటసేపు వెనుకకు జరుపుట, ఈ ప్రయోగములన్నిటిలోను కఠినమైనదిగా పరిణమించినది.

ఇంతమాత్రమున చిరుధాన్యములు సర్వరోగములను పోగొట్టునని సంతలలో చెప్పు మాటలను మేము ఒప్పుకొనము. కొర్రన్నము కూడ పిండిపదార్థమే. మధుమేహము ఉన్నవారు దానినైనను కొలతతోనే తినవలెను. వైద్యుడిచ్చిన మందు మానరాదు. పప్పు, ఆకుకూర, పాలు, గ్రుడ్డు చేయు పనిని ఏ ధాన్యమును చేయలేదు.

సజ్జల విషయమున మా అనుభవము పొట్టిది. పదునైదు దినములకు సరిపడు పిండి ఒకేసారి పట్టించితిమి. వారము తిరుగకముందే రొట్టె చేదెక్కెను. మరవాని తప్పని తలచి అతనితో వాదమునకు పోయితిమి. తప్పు మాదే. సజ్జలో నూనె శాతము ఎక్కువ. గింజగా ఉన్నంతకాలము నిలుచును గాని, పిండియైన వెంటనే ఆ నూనె చెడుట మొదలుపెట్టును. మూడు నాలుగు దినములకు సరిపడు పిండి మాత్రమే పట్టించుకొనవలెను. మరవానికి క్షమాపణ చెప్పి, ఒక డబ్బా రొట్టెలు పంపితిమి.

ఇక అరికెలు. ఇచ్చట మేము సభ్యులను కొంచెము ఆపి, హెచ్చరింప దలచితిమి. అరికెలు మంచి ధాన్యమే. కాని కోతవేళ వాన తడిసి బూజు తగిలిన అరికెలు విషము. తిన్నవారికి తల తిరుగుట, వాంతులు, ఒళ్ళు వణకుట కలుగును. దీనికి కారణమైన విషపదార్థమును సైక్లోపియాజోనిక్ ఆమ్లమందురు. 2024 అక్టోబరులో మధ్యప్రదేశ్‌లోని బాంధవ్‌గఢ్ అడవిలో పది ఏనుగులు మరణించినవి. అవి సమీపపు పొలములలో అరికె పైరును మేసినవి. పరీక్షలో వాని శరీరములలో ఈ విషమే కనబడినది. ఏనుగును కూల్చిన వస్తువును మన పిల్లల కంచములోనికి తెచ్చుకొనరాదు గదా. ఇది పంటను వెలివేయుటకు చెప్పిన మాట కాదు. ఎండిన, శుభ్రమైన, ముక్క వాసన లేని గింజను తెలిసిన రైతు వద్ద కొనవలెను. కల్లములో తడిసినదని తెలిసినచో ఎంత చవుకైనను పాఠశాలకు, అంగన్‌వాడీకి కొనరాదు. మేము ఒక సంతలో సగము ధరకు దొరికిన అరికెలను సంచిలో పోయించుకొనిన పిమ్మట, అత్తగారి మాట జ్ఞాపకమునకు వచ్చి వాసన చూచి, తిరిగి ఇచ్చివేసితిమి. అమ్మినవాడు గొణిగెను. గొణగనిమ్ము.

మా ప్రయోగములలో నిజముగా పరాయిదనదగినది కర్రపెండలము. ఒక బంధువు తూర్పు నుండి వచ్చుచు నాలుగు దుంపలు తెచ్చెను. చిలగడదుంప వలె ఉడికింపవచ్చునని తలచి, తొక్క సగము సగము గీకి, కొద్ది నీటిలో మూతపెట్టి ఉడికించితిమి. మా వారు ఒక ముక్క కొరికి, చేదనిరి. మేము రుచి చూడక, గిన్నెతో పెరటిలోని మేకకు వేయబోతిమి. పొరుగింటికి పెద్దాపురము వైపు నుండి వచ్చిన కోడలు గోడ మీదినుండి చూచి, "ఆగండి పిన్నిగారూ! మేకకి పెట్టకండి, చచ్చిపోద్ది!" అని కేకవేసెను.

ఆమె గోడ దాటి వచ్చి, మాకు పాఠము చెప్పెను. పెద్దాపురము, సామర్లకోట ప్రాంతమున ఈ దుంప పంటయు, దాని పిండితో సగ్గుబియ్యము చేయు కార్ఖానాలును ఉన్నవి గనుక ఆమెకు ఇది పుట్టింటి విద్య. ఈ దుంపలో, ముఖ్యముగా చేదు రకములలో, హైడ్రోసయనిక్ ఆమ్లమును పుట్టించు పదార్థము కలదు. తొక్కలో అది ఎక్కువ. తొక్కను లోపలి తెల్లని మందపు పొరతో సహా పూర్తిగా తీసి, ముక్కలు చేసి, నిండు నీటిలో మూత వేయకుండ బాగుగా ఉడికించి, ఆ నీటిని పారబోయవలెను. ఉడికిన పిమ్మటను చేదుగా ఉన్నచో మనిషికి గాని పశువుకు గాని పెట్టరాదు. పచ్చిది ఎన్నడును నోట పెట్టరాదు. ఆమె మరునాడు తానే వండి, కొబ్బరి కోరు, పచ్చిమిర్చి, ఆవాల పోపు వేసి పంపెను. అంత రుచియైన ఫలహారము మేము ఆ యేడు మరియొకటి తినలేదు. సగ్గుబియ్యము సంగతి కూడ ఆమెయే చెప్పెను: అది కేవలము పిండి; జ్వరము తగ్గిన పిల్లకు సగ్గుజావ పట్టించి బలము వచ్చుననుకొనుట పొరపాటు, పాలైనను చేర్చవలెను.

ఈ దుంపకు ఒక చరిత్ర కలదు. పంచాయతీ పెద్దలకు అది పనికివచ్చును. 1880 నుండి 1885 వరకు తిరువాన్కూరును ఏలిన విశాఖం తిరునాళ్ మహారాజు కర్రపెండలము సాగును ప్రోత్సహించెను. ప్రజలు విషమని భయపడగా, ఆయన దానిని రాజభవనములోనే వండించి తాను తినెనని అచ్చట చెప్పుకొందురు. ఉడికించిన నీటిని పారబోయవలెనను నియమము కూడ ప్రచారము చేయించెనట. అరువదేండ్ల పిమ్మట, 1942లో బర్మా జపానువారి వశమై అచ్చటి బియ్యము రాక నిలిచిపోగా, తిరువాన్కూరు పేదల పొయ్యి మీద ప్రధానముగా ఉడికినది ఈ దుంపయే. ఊరికి కొత్త తిండి చెప్పువాడు ముందు తాను తినవలెనను ఆ పద్ధతి మాకు నచ్చినది.

పుట్టగొడుగుల విషయమున మేము ప్రయోగము చేయలేదు; చేయరాదు కూడ. పుట్టల మీద తొలకరికి లేచు పుట్టగొడుగులను గుర్తుపట్టువారు ప్రతి ఊర ఒకరిద్దరుందురు. వారిని చూచి తక్కినవారు కూడ అడవిలో కనబడినదెల్ల ఏరుకొనుట ప్రమాదము. వెండి నాణెము నల్లబడనిచో మంచిదని, వెల్లుల్లి వేసి ఉడికించినచో విషము తెలియునని అనుకొను మాటలు రెండును అబద్ధములు. ప్రాణము తీయు రకములలోని విషము ఉడికించినను పోదు. తిన్న ఆరు గంటలకు గాని, మరునాటికి గాని వాంతులు, విరేచనములు మొదలగును. తరువాత నయమైనట్లు కనబడి, అంతలో కాలేయము చెడును. నయమైనదని ఆసుపత్రికి పోకుండుట మరింత హాని. వర్షములు మొదలుకాగానే ఈ విషయమును ఊరిలో దండోరా వేయించుట పంచాయతీ చేయదగిన పని. తినగోరువారు వరిగడ్డిపై పెంచు ముత్యపుచిప్ప పుట్టగొడుగులను కొనుక్కొనవచ్చును. మహిళా సంఘములవారు వానిని ఒక గదిలోనే పెంచుకొనగలరు.

సంక్రాంతి తరువాత, సర్పంచి మరల కబురంపెను. ఈసారి పాఠశాలలో ఎట్లు మొదలుపెట్టవలెనని సభలో చర్చ జరిగినది. ఒక సభ్యుడు అన్నమంతయు కొర్రలతోనే చేయవలెననెను. మేము వద్దంటిమి. పిల్లల నాలుకకు తెలిసిన రుచితో జతచేసి, కొద్దికొద్దిగా అలవాటు చేయవలెను. కొర్రలను, బియ్యమును విడివిడిగా వండి, ఒక వంతు కొర్రలకు మూడు వంతుల బియ్యము కలిపి, చింతపండు పులిహోరగా కలుపుటకు నిర్ణయమైనది. ఇంకొక నియమము కూడ పెట్టితిమి: మొదటి విస్తరి సభ్యులదే, అదియు పిల్లల వరుసలోనే.

ఆ దినమున మా అత్తగారిని కుర్చీతో సహా పాఠశాల వంటశాలకు తీసికొనిపోయితిమి. ఆమె కొలత చెప్పగా, వంటమనుషులు ఇద్దరును వండిరి. పెద్ద గుండలో నీటి లెక్క ఇంటి లెక్కకు సరిపోదని, కొంచెము తగ్గింపవలెనని అక్కడ తెలిసినది. ఒకప్పుడు సభలో సమాధానము చెప్పిన ఆ వంటమనిషి, మూత తీయవలెనను తొందరతో నాలుగుసార్లు చేయి చాచెను. నాలుగుసార్లును అత్తగారు కర్రతో నేల మీద కొట్టిరి.

పిల్లలు తినిరి. అందరును తినిరని వ్రాయలేము. అయిదవ తరగతి పిల్లలిద్దరు కొర్రగింజలను ఒక్కొక్కటిగా ఏరి విస్తరి అంచున పెట్టిరి. ఇప్పటికిని పెట్టుచునే యున్నారు. ఒక చిన్నపిల్ల మూడుసార్లు అడిగి వేయించుకొనెను. గుండ అడుగున మిగిలినది ఒక గరిటె మాత్రము. కుడితి తొట్టికి ఆ పూట పని లేకపోయెను. రాగిజావతో ఇంత చిక్కు రాలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలలో 2023 మార్చి నుండి వారమునకు మూడు దినములు రాగిజావ ఇచ్చు ఏర్పాటు మొదలైనది గనుక, ఆ రుచి పిల్లలకు కొత్త కాదు. అంగన్‌వాడీ తల్లులలో కొందరు మొలకరాగుల పిండిని ఇంటనే చేసికొనుట నేర్చిరి.

ఖర్చు లెక్క మాత్రము ఇంకను కుదరలేదు. రేషను బియ్యము 2023 జనవరి నుండి ఉచితముగా వచ్చుచున్నవి, కొర్రలు కొనవలెను. దాత యిచ్చిన బస్తా అయిపోయినది. పంచాయతీ నిధులతో వారమునకొకసారి కొనుట సాధ్యము కాదని లెక్క తేలగా, నెలకు రెండుసార్లకు తగ్గించితిమి. ఆ రెండింటికిని సంవత్సరమునకు ఎన్ని బస్తాలు కావలెనో వ్రాసి, వచ్చు ఖరీఫులో ఆ మేరకు ఊరిలోనే వేయుటకు నలుగురు రైతులను ఒప్పించినాము. పొట్టు తీయు యంత్రము ఇంకను దూరముననే యున్నది. బస్తాలను ఆటోలో తీసికొనిపోవుటకే ధాన్యపు ధరలో కొంత భాగము పోవుచున్నది. మహిళా సంఘమువారు యంత్రమునకు దరఖాస్తు పెట్టినారు. దానికి పంచాయతీ గది నిచ్చుటకు తీర్మానము జరిగినది, కరెంటు కనెక్షను రావలసి యున్నది.

అంతలో ఒక రైతు మా యింటికి ఊదలు రెండు శేర్లు పంపెను. మా అత్తగారు వానిని గుప్పిట పట్టి చూచి, వాసన చూచి, "ఇది కొర్రల కంటె తొందరగా ఉడుకుతాది, నీళ్ళు చూసి పొయ్యి" అనిరి. రేపు ఉదయమే నానవేయవలెను.